హలో అక్కయ్య ఆకుపచ్చ చుక్క

మా రేవులో ఎవరింట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు నా టీ కొట్టు దగ్గరికే పట్టుకొస్తారు. నాకేదో విద్య వచ్చని కాదు. కొట్టు వెనక గోడకు ఆనుకుని ఉన్న చిన్న గది హలో అక్కయ్యది. ఆ గదికి దారి నా బెంచీల మధ్య నుంచే. మిక్సీని చంకన పెట్టుకుని ఒకరు, గొంతు బొంగురుపోయిన రేడియోతో ఇంకొకరు "అక్కయ్య ఉందా?" అంటూ వస్తారు. ఉందని చెప్పి, కూర్చోబెట్టి, చేతిలో గ్లాసు పెడతాను. అక్కయ్య పుణ్యాన నా టీ చెల్లుతుంది, నా టీ పుణ్యాన ఆమె గిరాకీలకు ఓపిక నిలుస్తుంది.

ఆమెకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాంతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదేమో. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి. ఒకప్పుడు ఫోన్ ఎత్తగానే అవతల ఒక ఆడమనిషి "హలో, ఎవరు కావాలి?" అనేది. ఎవరు కావాలో చెబితే బోర్డు మీద ఒక తీగ పీకి ఇంకో కన్నంలో గుచ్చి కలిపేది. మా వైపు ఆ గొంతు ఈమెదే. ఇప్పటికీ గది తలుపు తడితే లోపల్నుంచి "రండి" అని రాదు. "హలో" అని వస్తుంది.

అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే మేనత్త పెంచింది. మేనత్తకు చెముడు. అరిస్తే చెవిలో గుయ్‌మంటుందని కసిరేది, మెల్లగా అంటే వినపడేది కాదు. మధ్యేమార్గంగా ప్రతి అక్షరాన్నీ కడిగి ఆరేసినట్టు పలకడం అక్కయ్యకు అలవాటైంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఆ గొంతు విని ఇచ్చారట. "మా మేనత్త చెవులే నాకు అన్నం పెట్టాయి" అంటుంది. పెళ్ళి సంబంధం అంటూ ఎవరైనా నోరు విప్పితే "లైను బిజీగా ఉంది, తర్వాత ప్రయత్నించండి" అనేదట. అడిగేవాళ్ళు అడిగి అడిగి అలిసిపోయారు, లైను ఖాళీ కాలేదు.

ఆ బోర్డు ముందు ఆమె పాటించిన పద్ధతి ఒకటుంది. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గాలివానకు ఎక్కడో తీగ తెగిందనుకోండి. ఇక్కడ ఒక ముసలావిడ దూరాన ఉన్న కొడుకుతో మాట్లాడాలని ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. మిగతా ఆపరేటర్లు "ఎవరూ ఎత్తడం లేదమ్మా" అని పెట్టేసేవాళ్ళు. అంతే, ఆ తల్లికి మళ్ళీ లైను కలిసేదాకా కంటి మీద కునుకుండదు. అక్కయ్య మాత్రం ఇలా చెప్పేది: "లైను పలకడం లేదమ్మా. మీవాడు ఇంట్లో ఉన్నాడో లేడో నాకు తెలీదు. లైను పలికాక నేనే మిమ్మల్ని పిలుస్తాను." పిలిచేది కూడా.

"రెంటికీ తేడా ఏముంది అక్కయ్యా?" అని ఒకసారి అడిగాను.

"చాలా ఉంది. తెలీని సంగతి తెలిసినట్టు చెప్పావనుకో, అవతలి మనిషి దాని మీద ఇల్లు కట్టేసుకుంటుంది. పునాది లేదని నీకు తెలుసు, ఆమెకు తెలీదు."

తర్వాత మనుషులు లేకుండానే ఫోన్లు కలిపే యంత్రాలు వచ్చాయి. ఆపరేటర్లను తీసి తలా ఒక మూల వేశారు. ఈమెను వెనక గదిలోకి, సామాను మధ్యకు పంపారు. అందరూ పాపం అన్నారు గానీ అక్కడే ఆమె దశ తిరిగింది. రిటైరు కాబోతున్న లైన్‌మన్ ఒకాయన దగ్గర తీగకు తీగ అతకడం, సోల్డరింగ్ పెట్టడం నేర్చుకుంది. ఎక్స్ఛేంజి మూసేసినప్పుడు సోల్డరింగ్ పుల్ల, రెండు సంచుల తీగలు పట్టుకుని మా రేవుకు వచ్చి దిగింది. ఆ రోజు నా కొట్టులో మొదటి టీ తాగి, "నీ స్టౌ గొంతు బాలేదు" అంటూ పిన్నుతో బర్నరు పొడిచి బాగుచేసి ఇచ్చింది. అప్పటి నుంచి ఆమెకు నేను చెల్లెల్ని, నాకు ఆమె అక్కయ్య.

ఇక మా నీళ్ళ సంగతి. నది సముద్రంలో కలిసే చోటు మాది. నీళ్ళు చూస్తే అవతలి ఒడ్డు గీతలా కనపడేంత వెడల్పు. లోతు మాత్రం నమ్మేది కాదు. అడుగున ఇసుక దిబ్బలుంటాయి. అవి అద్దె కొంపల్లో ఉండేవాళ్ళలాంటివి. వరద వచ్చి ఖాళీ చెయ్యమంటే ఒకచోట లేచి ఇంకోచోట చేరతాయి. ఆసుపత్రి, కాలేజీ, పెద్ద బజారు అన్నీ అవతలే. మధ్యలో ఒక పాత ఇనప వంతెన. దాని మీద రైళ్ళు పోతాయి, మనుషులు పోవడానికి లేదు. మనుషులకు లాంచీయే గతి. ఆ లాంచీకి సరంగు, అంటే చుక్కాని పట్టి నడిపేవాడు, మా ఆయన.

ఆయన నీటి రంగు చూసి లోతు చెప్పగలడు. కానీ చలికాలం పొగమంచు దిగితే రంగూ లేదు, నీరూ లేదు. తన చెయ్యి తనకు కనపడదు. ఒక ఏడాది అలాగే జనంతో సహా లాంచీ దిబ్బ ఎక్కి కూర్చుంది. పోటు వచ్చి లేపేదాకా అంతా ఇసుక మీద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా రేవు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది: మంచు పడే నెలల్లో లాంచీ నడపకూడదు.

ఆఫీసు తప్పని నేనను. మరి ఆ నెలలు మేమేం చెయ్యాలి? మా ఆయన ఎక్కడో దూరపు ఓడరేవులో ఇసుక తవ్వే ఓడ మీద పనికి వెళ్ళాడు. చలికాలమంతా అక్కడే. వచ్చేసరికి మొహమంతా గడ్డం, ఒళ్ళంతా నూనె వాసన. మా పాప అప్పుడు తప్పటడుగులు దాటి, మాటలు బాగా వచ్చిన వయసులో ఉంది. నా వెనక దాక్కుని తొంగి చూసి, "అమ్మా, ఈయన ఎప్పుడు వెళ్తాడు?" అంది.

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. పాలు పొంగుతున్నాయన్న వంకతో అటు తిరిగాను. ఇంకో నాలుగు చలికాలాలు ఇలాగే పోతే ఆ పిల్లకు తండ్రి అంటే గడ్డమున్న చుట్టమే. అప్పుడు బెంచీ మీద టీ తాగుతూ హలో అక్కయ్య కూడా ఉంది. గ్లాసు కింద పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మిక్సీలు బాగుకావడం మానేశాయి. అడిగితే "రేపు" అంటుంది. తలుపు సందులోంచి చూస్తే అక్కయ్య ముందు ఒక ముసలి లాప్‌టాప్, దాని పక్కన సబ్బు బిళ్ళంత నల్లటి వస్తువు, దానికో పొడుగాటి తోక. ఎప్పుడో భూములు కొలిచేవాళ్ళు రిపేరుకిచ్చి మళ్ళీ రాకుండా పోయిన జీపీఎస్ బిళ్ళట అది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు పంపే మాటలు విని, తను భూమ్మీద ఎక్కడుందో లెక్కగట్టి, ఆ సంగతి తోక వెంట ఒక్కో అక్షరంగా కంప్యూటరుకు చెబుతుంది.

"ఆ తోకను సీరియల్ తీగ అంటారు" అంది అక్కయ్య.

మా అత్తయ్య చెవిన ఆ మాట పడింది. మా అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఇష్టమైనవాళ్ళను తిట్టందే ఆమెకు పొద్దుపోదు. "సీరియలా? ఇప్పటికి ఎన్ని భాగాలయ్యాయి? అందులో అత్తగారు చెడ్డదేనా?" అంది.

"ఇంకా మొదలవలేదు పెద్దమ్మా. ప్రస్తుతానికి అన్నీ పిచ్చి గీతలే వస్తున్నాయి."

నిజంగానే తెర మీద అర్థంపర్థం లేని గుర్తులు కోళ్ళు గీకినట్టు పరుగెడుతున్నాయి. అక్కయ్య దానితో కుస్తీ పట్టి పట్టి, ఒక ఉదయం నవ్వుకుంటూ బయటికొచ్చింది.

"దొరికింది చెల్లీ. అది మాట్లాడే వేగం ఒకటి, ఇది వినే వేగం ఒకటి. మీ అత్తయ్య మాట్లాడుతుంటే కొత్తవాళ్ళకు ఏమర్థమవుతుంది? అలాగే ఇదీ. రెండింటి వేగం ఒకటి చేశాను. ఇప్పుడు చూడు."

వెళ్ళి చూశాను. వరస తర్వాత వరస చక్కగా దిగుతోంది. ప్రతి వరసకూ మొదట డాలరు గుర్తు.

"డాలర్లు కురుస్తున్నాయే కోడలా. చాట తీసుకురా" అంది మా అత్తయ్య.

లాంచీలో రోజూ అవతలి కాలేజీకి వెళ్ళే లెక్చరరుగారు ఒకాయన ఉన్నారు. అక్కయ్య ఆయన దగ్గర నది దాటే ప్రతిసారీ ఒక ముక్క చొప్పున అడిగి, కంప్యూటరు చేత పని చేయించే భాష నేర్చుకుంది. ఆయన విసుక్కోలేదు. తన పుస్తకాలు తెచ్చి ఆమె దగ్గరే వదిలేసేవారు. ఆయనకు ఈ రోజుకీ నా కొట్టులో అల్లం టీ కాస్త చిక్కగానే పడుతుంది.

మొదటిసారి మా నీళ్ళ పటం తెర మీద పెట్టి, లాంచీ ఉన్నచోట ఆకుపచ్చ చుక్క వెలిగేట్టు చేసి, అందర్నీ పిలిచింది. చుక్క వెలిగింది. నీళ్ళలో కాదు, బజారు మధ్యలో.

మా ఆయన దగ్గరికెళ్ళి చూసి, "అక్కగారూ, నేను బట్టల దుకాణంలో ఉన్నాను. ఏమైనా తెమ్మంటారా?" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. అక్కయ్యా నవ్వింది. తర్వాత తెలిసింది, ఆ బిళ్ళ డిగ్రీలనూ నిమిషాలనూ ఒకే అంకెలో కలిపి రాస్తుందట, ఈమె మొత్తం డిగ్రీలే అనుకుంది. విడదీసి లెక్క కట్టేసరికి చుక్క బుద్ధిగా నీళ్ళలోకి దిగింది. కానీ ఆ తర్వాత చాలాకాలం మా ఆయన లాంచీ ఎక్కబోతుంటే ఎవరో ఒకరు "సరంగూ, చొక్కా గుడ్డ మర్చిపోకు" అనేవాళ్ళు.

చుక్క కనపడినంత మాత్రాన దారి దొరకదు కదా. పటంలో దిబ్బలు ఎప్పటివో, ఇప్పుడున్నవి ఎక్కడో. దీనికి అక్కయ్య చేసిన ఉపాయం వింటే, ఇంతేనా అనిపిస్తుంది. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో మా ఆయన నీటి రంగు చూసుకుంటూ దిబ్బలు తప్పించి నడుపుతాడు. అప్పుడు బిళ్ళ చెప్పే ప్రతి మాటనూ కంప్యూటరు దాచుకుంటుంది. ప్రతి దాటూ పటం మీద ఒక సన్నటి గీత. ఒకదాని మీద ఒకటి పడి, గీతలన్నీ కలిసి నీళ్ళ మీద బాటలా అయ్యాయి. వరదొచ్చి దిబ్బలు కదిలితే పాత గీతలు తీసేసి కొత్తవి పట్టేది. మంచు కమ్మినప్పుడు ఆకుపచ్చ చుక్కను ఆ బాట మీంచి జారకుండా పోనిస్తే చాలు.

"ఇందులో నా గొప్పేం లేదు తమ్ముడూ. నీకు నువ్వే దారి చెప్పుకుంటున్నావు. నేను మధ్యలో తీగ కలిపానంతే" అంది మా ఆయనతో.

అంతా బాగుందనుకునేసరికి దెబ్బ తగిలింది. పల్చగా మంచున్న ఒక పొద్దున, జనాన్ని ఎక్కించుకోకుండా మా ఆయన, అక్కయ్య ఇద్దరే సాధనకని బయల్దేరారు. మలుపు దగ్గర లాంచీని తిప్పాలి. మా ఆయన తెర చూశాడు. చుక్క ఇంకా మలుపుకు ఇవతలే ఉంది. సరే ఇంకాస్త పోదామని పోయాడు. మళ్ళీ చూశాడు, ఇంకా ఇవతలే. అడుగున గరగరమని చప్పుడొచ్చింది. అదృష్టం కొద్దీ మెత్తటి అంచు, వెనక్కి తియ్యగానే వచ్చేసింది. ఇంజను అదురుకు సీరియల్ తీగ పిన్ను వదులై ఊడిందట. బిళ్ళ నుంచి మాట రావడం ఆగిపోయింది. తెర మాత్రం ఆఖరుసారి విన్నచోటే చుక్కను వెలిగించి కూర్చుంది.

మా ఆయన "పోనీలెండి, పిన్ను గట్టిగా బిగిద్దాం" అన్నాడు. అక్కయ్య ఒప్పుకోలేదు. నా బెంచీ మీద కూర్చుని టీ చల్లారబెట్టింది. ఆ మనిషి నా టీ చల్లారబెట్టడం అదే మొదటిసారి.

"పిన్ను ఊడటం తప్పు కాదు చెల్లీ. పిన్నన్నాక ఊడుతుంది. తెలీనప్పుడు కూడా తెలిసినట్టు మొహం పెట్టింది చూడు, అదీ తప్పు. దానికి ఆ బుద్ధి నేర్పింది నేనే."

"యంత్రానికి బుద్ధేమిటక్కయ్యా?"

"ఎవరు చేస్తే వాళ్ళ బుద్ధే వస్తుంది."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బిళ్ళ పంపే వరసల్లో ఒకచోట ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుందట. 'ఏ' అని ఉంటే నా మాట నమ్మొచ్చని, 'వి' అని ఉంటే నాకు ఆకాశం సరిగ్గా వినపడటం లేదు, నమ్మొద్దని అర్థం. అక్కయ్య అంతవరకు ఆ అక్షరాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు పద్ధతి మార్చింది. 'వి' వచ్చినా, అసలు వరసే రాకపోయినా, ఊపిరి పీల్చి వదిలేలోపు ఆకుపచ్చ చుక్క ఆరిపోవాలి. దాని బదులు తెర నిండా ఎర్రటి పెద్దక్షరాలు రావాలి. ఏం రాయించిందో మీరు ఊహించే ఉంటారు. "లైను పలకడం లేదు."

మా అత్తయ్య అది చూసి పెదవి విరిచింది. "బాగుంది సంబడం. ఇంత చేసి, నాకు తెలీదని చెప్పడానికా యంత్రం? ఆ మాట చెప్పడానికి మా ఆయన సరిపోయేవాడుగా."

మా ఆయన, అక్కయ్య కలిసి రేవు ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి ఆఫీసరు మంచివాడే గానీ మాట ఖచ్చితం. అంతా విని, "మంచు దట్టంగా పట్టిన రోజు కబురు చెయ్యండి, నేనే వచ్చి లాంచీ ఎక్కుతాను. అవతలికి క్షేమంగా చేర్చారా, అనుమతి ఇస్తాను. దారి తప్పారా, ఇంక ఈ ఊసు నా దగ్గర ఎత్తొద్దు" అన్నాడట. ఇసుక తవ్వే ఓడవాళ్ళు అప్పటికే మా ఆయనకు రమ్మని కబురు పెట్టి ఉన్నారు. ఆ ఒక్క దాటు మీదే మా చలికాలాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

మంచు పట్టింది. తెల్లారినా తెల్లారినట్టు లేదు. జనాన్ని ఎక్కించలేదు. ఆఫీసరు, మా ఆయన, అక్కయ్య, టీ ఫ్లాస్కుతో నేను. పాపను పక్కింట్లో దింపి వచ్చేసరికి మా అత్తయ్య శాలువా కప్పుకుని లాంచీలో తయారుగా కూర్చుని ఉంది.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు మా ఆయన.

"నా కొడుకు పరీక్ష రాస్తుంటే నేను ఇంట్లో కూర్చోవాలా? నోరు మూసుకునే ఉంటాలే."

"అది ఎప్పుడు చేశావమ్మా?"

"ఇవాళ మొదలుపెడతాను. నువ్వు ముందు చూసి నడుపు."

బయల్దేరాం. రేవు రెండు బారల్లో మాయమైంది. చుట్టూ తెల్లటి గోడ, కింద నీటి చప్పుడు. తెర మీద మాత్రం ఆకుపచ్చ చుక్క బాట వెంట మెల్లగా పాకుతోంది, గోడ పట్టుకుని నడిచే పిల్లలా. ఆఫీసరు కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. అక్కయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మలుపు వచ్చింది, చుక్క తిరిగింది, లాంచీ తిరిగింది. అడుగున ఏ గరగరా లేదు. చెప్పినట్టే మా అత్తయ్య నోరు మెదపలేదు. లేచి, తలుపు పక్క నుంచి వెనక్కి వెళ్ళింది. నేను పట్టించుకోలేదు.

కాసేపటికి చుక్క ఆరిపోయింది.

"లైను పలకడం లేదు."

మా ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. ఇంజను ఆపి, వెళ్ళి లంగరు దించేశాడు. గొలుసు గలగలమని నీళ్ళలోకి పోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు.

"తెలీదండి."

"మనం ఎక్కడున్నాం?"

"తెలీదండి. ఇందాకటిదాకా తెలుసు."

"మరి ఆ తెర ఏమంటోంది?"

"దానికీ తెలీదంటోందండి. తెలిసేదాకా కదలను."

ఆ గొలుసు చప్పుడుతో పాటు మా చలికాలాలన్నీ నీళ్ళలో మునిగినట్టే అనిపించింది. అక్కయ్య మాత్రం తొణకలేదు. పిన్ను ముట్టుకుని చూసింది, గట్టిగానే ఉంది. తీగను వేళ్ళతో తడుముకుంటూ పోయింది, ఎక్కడా తెగలేదు. "వరసలు వస్తూనే ఉన్నాయి. 'వి' అంటోంది. దానికి ఆకాశం వినపడటం లేదు" అని గొణుక్కుంటూ బయటికి వెళ్ళి, చిన్న నిచ్చెనెక్కి సరంగు గది కప్పు మీదకు చూసింది. బిళ్ళ ఉండేది అక్కడే.

తర్వాత పైనుంచి, ఆ కడిగి ఆరేసిన గొంతుతో, "పెద్దమ్మా, ఈ బేసిన మీదేనా?" అని వినపడింది.

కప్పు మీద బిళ్ళకు టోపీలా బోర్లించి ఉంది, నా కొట్టులో గ్లాసులు కడిగే స్టీలు బేసిన. గాలికి పోకుండా పైన ఒక రాయి కూడా పెట్టి ఉంది.

మా అత్తయ్య తలుపు దగ్గర నిలబడింది. "నాదే. ఏం? అంత మంచు కురుస్తుంటే ఆ బిళ్ళ పాపం తడుస్తూ కూర్చుంది. నా కొడుకును ఇంటి పట్టున ఉంచే తల్లి అది. దానికి జలుబు చేస్తే ఎవరు దిక్కు? కొట్టులోంచి శాలువా కింద దాచుకుని తెచ్చాను. పెద్దగిన్నె అయితే బాగుండేది, శాలువాలో పట్టలేదు."

"అమ్మా" అన్నాడు మా ఆయన.

ఆఫీసరు మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. దగ్గుతున్నాడేమో అనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకుంటున్నాడు.

అక్కయ్య బేసిన తీసి, కిందికి దిగి, మా అత్తయ్య చేతిలో పెట్టి, భుజం నిమిరింది. "మీ ప్రేమకు అది ఊపిరాడక చచ్చేది పెద్దమ్మా. దానికి మంచు పడినా ఏం కాదు, ఆకాశం కనపడాలి అంతే." అందరం తెర ముందు నిలబడ్డాం. ఎర్రక్షరాలు అలాగే ఉన్నాయి. మా అత్తయ్య బేసినను గుండెలకు హత్తుకుని నిలబడింది. ఉన్నట్టుండి ఎర్రక్షరాలు పోయాయి. ఆకుపచ్చ చుక్క బాట మీద, ఎక్కడ ఆగామో అక్కడే వెలిగింది.

లంగరు తీశాం. వంతెన నీడ మంచులోంచి పైకి లేచింది. దాని కింద తెర ఇంకోసారి ఎర్రబడింది, మళ్ళీ లంగరు దించాం, నీటివాలుకు లాంచీ నీడలోంచి జరగగానే చుక్క వెలిగింది. కాసేపటికి అవతలి రేవు మెట్లు ముక్కుకు తగిలేంత దగ్గరగా కనపడ్డాయి.

దిగాక మెట్ల మీదే ఆఫీసరుకు టీ పోశాను. ఆయన గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ అక్కయ్యను అడిగాడు.

"అమ్మా, ఇందాక చుక్క ఆరిపోకుండా అక్కడే వెలుగుతూ ఉండి ఉంటే?"

"తమ్ముడు నడుపుకుంటూ పోయేవాడండి. దిబ్బ ఎక్కేవాళ్ళం. ముందు అలాగే ఉండేది, తర్వాత మార్చాను."

"ఎందుకు మార్చారు?"

"ఎక్స్ఛేంజిలో అలవాటండి."

ఆయనకు ఏమర్థమైందో గానీ తలూపాడు. "దారి చూపిస్తామంటూ నా దగ్గరికి చాలామంది వచ్చారు. తెలీనప్పుడు తెలీదని చెప్పే యంత్రం, చెప్పగానే ఆగే సరంగు, రెండూ ఒకేచోట ఇవాళే చూశాను. మీరు ఎక్కడా ఆగకుండా చేర్చి ఉంటే ఇంకో రెండు పరీక్షలు పెట్టేవాణ్ణి" అన్నాడు. తర్వాత మా అత్తయ్య వైపు తిరిగి, "మీరు చాలా సాయం చేశారమ్మా" అన్నాడు.

"అదే చెబుతున్నాను, ఎవరూ వినరు" అంది మా అత్తయ్య.

అనుమతి కాగితం వచ్చింది. అందులో షరతులున్నాయి. మంచులో జనాన్ని తక్కువగా ఎక్కించాలి, తెర ఎర్రబడితే అక్కడికక్కడ లంగరు దించాలి. ఆఖర్న, సరంగు గది కప్పు మీద బేసిన గానీ, ఇతర లోహపు పాత్రలు గానీ ఉంచరాదు. ఆ ఒక్క ముక్కను మా అత్తయ్య వచ్చేపోయేవాళ్ళందరి చేతా చదివించుకుంటుంది. "సర్కారు కాగితంలో ఎక్కింది, నా బేసిన" అంటుంది. గ్లాసులు కడగడానికి ఇమ్మంటే ఇప్పుడు ఇవ్వదు. వేరేది కొన్నాను.

మా ఆయన ఓడ మీదకు వెళ్ళలేదు. ఆ చలికాలం నుంచి ఇప్పటిదాకా ఏ చలికాలమూ వెళ్ళలేదు. మా పాప బడికి పోతోంది. తండ్రి జడ వేస్తే వంకరగా వేశాడని రోజూ పేచీ. ఆ పేచీ వింటూ టీ పొడి డబ్బా వెతుక్కుంటుంటే నాకు ఎంత హాయిగా ఉంటుందో ఎవరికీ చెప్పలేను. అక్కయ్యకు మాత్రం చెప్పాలని చాలాసార్లు చూశాను. "అక్కయ్యా, నువ్వు లేకపోతే" అని మొదలుపెట్టగానే "లైను బిజీగా ఉంది" అంటుంది. అందుకే ఇక్కడ చెబుతున్నాను. చదివేవాళ్ళు ఎవరైనా ఆమెకు చేరవేస్తే సంతోషం.

తర్వాత అక్కయ్య ఇంకో పని చేసింది. రెండు పాత రేడియో పెట్టెలు తెచ్చి, ఒకటి లాంచీలో, ఒకటి నా కొట్టులో పెట్టింది. లాంచీలో బిళ్ళ చెప్పే మాటలు గాలిలో వచ్చి నా గల్లాపెట్టె పక్కనున్న చిన్న తెర మీద కూడా పడతాయి. చుక్క అవతలి రేవు విడవగానే పాలు పొయ్యి మీద పెడతాను. జనం దిగి మెట్లెక్కేసరికి టీ సిద్ధం.

ఇనప వంతెన కింద మాత్రం దాటుదాటుకూ బిళ్ళకు ఆకాశం మూసుకుపోతుంది. నా తెర కూడా ఎర్రబడుతుంది. లైను పలకడం లేదు. మొదట్లో గిన్నె దించేసి రేవు వైపు పరుగెత్తేదాన్ని. ఇప్పుడు పరుగెత్తను. మనిషి లేడని కాదు కదా అది చెప్పేది, తనకు తెలీదని మాత్రమే. మంచులో ఆయన అక్కడ లంగరు దించి నిలబడి ఉంటాడు, నేనిక్కడ గరిటె పట్టుకుని నిలబడతాను. వంతెన కింద నీటివాలుకు లాంచీ గొలుసు పొడుగునా మెల్లగా జరిగి, నీడలోంచి ముక్కు బయటపెడుతుంది.

"ఏమే, పాలు పొంగుతున్నాయి" అంటుంది మా అత్తయ్య.

గిన్నె కిందికి దించి తలెత్తేసరికి ఆకుపచ్చ చుక్క.